మెడనరం సాక్ష్యం

"టీలో ఏం కలిపావు?"

ఇన్‌స్పెక్టర్ నారాయణస్వామి ఆ ప్రశ్న వేయడం అది తొమ్మిదోసారి. నరసమ్మ తొమ్మిదోసారి కూడా అదే జవాబు చెప్పింది.

"పంచదార బాబూ. మరేటీ నేదు."

"పంచదార తాగినవాడు పది నిమిషాల్లో కుప్పకూలిపోతాడా? నిన్న సాయంత్రం మొగుడితో పోట్లాడావు. సాక్ష్యం చెప్పొద్దని ఏడ్చావు. కూలీల ఇళ్ళ లైనంతా విన్నారు. అవునా కాదా?"

"పోట్లాడినాను. సాక్ష్యం చెప్తే తోటలోంచి గెంటేస్తారని బయమేసినాది. అంతమాత్రాన మొగుణ్ణి సంపుకుంటానా?"

"లాంచీ ఎక్కించండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కానిస్టేబులుతో.

గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది. కొబ్బరి తోట ఆసుపత్రి వరండా అది. లోపల ఇనప మంచం మీద నరసమ్మ భర్త అప్పన్న చావుబతుకుల మధ్య ఉన్నాడు. పోయిన నెల ఈ తోటలో కొబ్బరి ఎండబెట్టే బట్టీలో చిక్కుకుని ఇద్దరు కూలీలు చనిపోయారు. తోట కాగితాల్లో మాత్రం మలేరియా అని ఉంది. మధ్యాహ్నం రెండింటికి లేబర్ ఆఫీసర్ విచారణకి వస్తున్నాడు. నిజం చెబుతానన్న సాక్షి ఒక్కడే, అప్పన్న.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఆవిడని లాంచీ ఎక్కించే ముందు నేను ఒక్క ప్రశ్న అడగొచ్చా?"

మెట్ల మీద ఒక పొట్టి మనిషి నిలబడ్డాడు. బూట్ల నిండా బురద, చంకలో గొడుగు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.

నారాయణస్వామి మొహం చిట్లించాడు. "ఏమయ్యా కూర్మయ్యా! పినాంగులో కుక్కలు తప్పిపోవడం మానేశాయా? ఇంత దూరం వచ్చావు?"

"కుక్కలన్నీ దొరికాయి. మనుషులే తప్పిపోతున్నారు. అప్పన్న సాక్ష్యం చెప్పేదాకా కాపలా కాయమని కూలీల సంఘం వాళ్ళు నన్ను పంపారు. పడవ ఇరవై నిమిషాలు ఆలస్యమైంది."

"ఆలస్యమే మంచిదయింది. కేసు ముగిసింది. నువ్వు భోంచేసి వెళ్ళు."

కూర్మయ్య ఆ మాట విననట్టే నరసమ్మ ఎదుట కూర్చున్నాడు. జార్జ్ టౌన్‌లో ప్రైవేటు డిటెక్టివుగా బోర్డు కట్టక ముందు అతను పన్నెండేళ్ళు ఆసుపత్రిలో గాయాలు కుట్టి కట్లు కట్టే డ్రెస్సరు. వేళ్ళు పోవడంతో ఆ పని పోయింది. చూసే కళ్ళు మాత్రం పోలేదు.

"అమ్మా, టీ ఎన్నింటికి పట్టుకెళ్ళావు?"

"తొమ్మిది సంగు, అదే తోట కూత, కూసినాక బాబూ."

"అప్పుడు నీ మొగుడు ఎక్కడ ఉన్నాడు?"

"గోదాములో కాటా కాడ. పైన దూలం పట్టుకొని నిలబడ్డాడు. తల తిరుగుతోందే అన్నాడు."

"ఆ మాట టీ తాగాక అన్నాడా, ముందా?"

"ముందే. క్యాను మూతే తియ్యనేదు."

నారాయణస్వామి పకపకా నవ్వాడు. "ముద్దాయి ఇంకేం చెబుతుంది?"

"దూలం ఏ చేత్తో పట్టుకున్నాడు?" కూర్మయ్య గొంతు మారలేదు.

"ఎడం సేత్తో. ఆ సెయ్యి సూసే నాకు గుండె జారిపోనాది. పైకెత్తిన సెయ్యి మీద నరాలు తాళ్ళలాగ లేసి ఉన్నాయి. ఏటిది మావా అన్నాను. పనెక్కువయినాదిలేయే అన్నాడు."

కూర్మయ్య చటుక్కున లేచాడు. "చెయ్యి ఎంత పైకి? మళ్ళీ చూపించు."

నరసమ్మ లేచి నిలబడి, తల మీదుగా చేయెత్తి చూపించింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, మీ ఎడమ చెయ్యి కిందకి వేలాడేయండి."

"నాతో ఆటలా?"

"ఒక్క నిమిషం. ఆవిణ్ణి ఉరికంబం ఎక్కించబోతున్నారు, ఒక్క నిమిషం ఇవ్వలేరా?"

నారాయణస్వామి విసుగ్గా చెయ్యి వేలాడేశాడు. మణికట్టు వెనక నీలం నరాలు ఉబ్బాయి.

"ఇప్పుడు మెల్లగా పైకెత్తండి. గుండె దాటించండి. ఇంకా పైకి. ఏమయ్యాయి నరాలు?"

చెయ్యి భుజం ఎత్తు దాటగానే నరాలు చదునైపోయాయి. తల మీదికి వచ్చేసరికి అక్కడ ఎప్పుడూ నరమనేది లేనట్టే ఉంది. కానిస్టేబులు కూడా చాటుగా తన చెయ్యి ఎత్తి చూసుకున్నాడు.

"ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎవరికైనా ఇంతే," అన్నాడు కూర్మయ్య. "చెయ్యి గుండె కన్నా పైకి వెళితే అందులో నెత్తురు కిందకి జారిపోతుంది. జారలేదంటే గుండె దగ్గర దారి మూసుకుందన్నమాట. చెరువు నిండిపోతే కాలవ ఎగదన్నినట్టు. అప్పన్న టీ చుక్క నోట్లో వేసుకోక ముందే అతని గుండె ఎగదన్నుతోంది."

"ఆవిడ కట్టుకథ చెప్పిందేమో!"

"అబద్ధం చెప్పాలంటే ముందు దాని విలువ తెలియాలి. ఎత్తిన చేతి మీద నరాలు ఉబ్బితే దాని అర్థం ఏమిటో మీకు తెలుసా? మీకే తెలియంది ఆవిడకి తెలుసునంటారా?"

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబులుని ఆగమని సైగ చేశాడు. కూర్మయ్య అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు.

*

మంచం పక్కన డ్రెస్సరు లారెన్స్ నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ మడత నలగని తెల్ల కోటు, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు. ఈ తోటలో పుట్టి, మిషన్ బడిలో చదువుకుని, తోట ఆసుపత్రికే పెద్దయినవాడు. డాక్టరు వారానికి ఒకసారి వస్తాడు. మిగిలిన ఆరు రోజులూ లారెన్సే డాక్టరు.

"ఉమ్మెత్త అనుకుంటున్నాను సార్," అన్నాడు మర్యాదగా. "నాడి సరిగ్గా దొరకడం లేదు."

కూర్మయ్య అప్పన్న నుదుటి మీద చెయ్యి వేశాడు. చల్లగా, తడిగా ఉంది. కనురెప్ప ఎత్తి చూశాడు.

"ఉమ్మెత్త తిన్నవాడి ఒళ్ళు కాలిపోతుంది. చెమట పట్టదు. కనుపాప పెద్దదవుతుంది. ఇక్కడ ఆ మూడూ తలకిందులుగా ఉన్నాయి డ్రెస్సరు గారూ."

లారెన్స్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "మీ అంత అనుభవం నాకు లేదు సార్."

"దిళ్ళు పెట్టి ఇతన్ని సగం కూర్చోబెట్టండి. తల కొంచెం ఎడమకి తిప్పండి. కిటికీ తెరవండి."

ఎండ ఏటవాలుగా అప్పన్న మెడ మీద పడింది. కుడివైపు చర్మం కింద, చెవి వైపు పాకుతూ ఒక లావు నరం. దాని పైకొస సన్నగా అదురుతోంది.

కూర్మయ్య జేబులోంచి చిన్న స్కేలు తీశాడు. రొమ్ము ఎముక మీద, రెండో పక్కటెముక కలిసే చోట వేలికి తగిలే గంటు ఉంటుంది. దాని మీద స్కేలు నిట్టనిలువుగా నిలబెట్టాడు. నరం అదురుతున్న కొస నుంచి ఒక పోస్టుకార్డు అంచు అడ్డంగా పట్టాడు. రెండూ కలిసిన చోట గోరు పెట్టాడు.

"సూది లేదు, యంత్రం లేదు. గుండెని స్కేలు పెట్టి కొలుస్తున్నావా?" అన్నాడు నారాయణస్వామి. "నువ్వు డిటెక్టివువా, దర్జీవా?"

"దర్జీనే. ఎంత మిగిలిందో చూస్తున్నాను. రెండున్నర అంగుళాలు. మామూలు మనిషికి ఒకటింపావు దాటకూడదు. టైము రాసుకోండి, పది ఇరవై ఎనిమిది."

నాడి పట్టుకున్నాడు. అప్పన్న ఊపిరి పీల్చినప్పుడల్లా నాడి మాయమవుతోంది. వదిలినప్పుడు తిరిగి వస్తోంది. చెవి రొమ్ముకి ఆనించాడు. గుండె చప్పుడు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది.

"గుండె చుట్టూ ఒక సంచి ఉంటుంది. ఆ సంచిలోకి నెత్తురు కారుతోంది. గుండెని పిడికిట్లో పట్టి నొక్కినట్టు నొక్కుతోంది. అందుకే లోపలికి పోవాల్సిన నెత్తురు మెడలో ఆగిపోయింది."

"గాయం లేకుండా నెత్తురెలా కారుతుందయ్యా? ఒంటి మీద గీత కూడా లేదని డ్రెస్సరు రిపోర్టు రాశాడు."

అప్పన్న రొమ్ము మీద, ఎడమవైపు, పెద్ద తేలు పచ్చబొట్టు. తేలు చుట్టూ ఆకుపచ్చ చుక్కలు. కూర్మయ్య ఆ చుక్కలని వేలితో ఒకటొకటిగా తడిమాడు.

"నరసమ్మా! ఇలా రా. నీ మొగుడి పచ్చబొట్టులో చుక్కలెన్ని?"

"ఏడు బాబూ. పెళ్ళయిన కొత్తలో నేనే కూకోబెట్టి పొడిపించినాను."

"లెక్కపెట్టు."

ఆమె వంగింది. వేలితో తాకుతూ లెక్కపెట్టింది. ఏడు దగ్గర ఆగలేదు.

"ఎనిమిది! బాబూ, ఇదెక్కడిది?"

ఎనిమిదో చుక్క ఆకుపచ్చది కాదు. ఎండిన నెత్తురుతో నల్లబడ్డది. మిరియపు గింజంత కూడా లేదు.

"సన్నని, పొడుగాటి సూది," అన్నాడు కూర్మయ్య. "పైన చుక్క, లోపల చిల్లు. గంటల తరబడి బొట్టు బొట్టుగా కారింది. ఎప్పుడో పొడిచారు. టీ సమయానికి కూలబడ్డాడు. పొడిచినవాడికి కావలసింది కూడా అదే."

నారాయణస్వామి వంగి ఆ చుక్కని తనే చూశాడు.

పది నలభై ఎనిమిది. కూర్మయ్య మళ్ళీ స్కేలు నిలబెట్టాడు. మూడు అంగుళాలు. ఇరవై నిమిషాల్లో అరంగుళం పెరిగింది.

"నాలుగు దాటితే దవడ కిందకి చేరుతుంది. ఆ తర్వాత కొలవడానికి మనిషి ఉండడు. డాక్టరు ఎప్పుడొస్తాడు?"

"లేబర్ ఆఫీసరుతో పాటు. రెండింటికి," అన్నాడు లారెన్స్.

"అంతదాకా ఆగదు. రొమ్ము ఎముక కొస కింద పొడుగు సూది పెట్టి ఆ నెత్తురు లాగెయ్యాలి. నా చేతికి సిరంజి పట్టే వేళ్ళు లేవు. మీరెప్పుడైనా చేశారా?"

"ఒక్కసారి. తైపింగులో డాక్టరు పక్కన నిలబడి."

"చాలు. సూదులు మరగబెట్టండి. ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు కావాలి సార్."

"ఆ ఇరవై నిమిషాల్లో నేను గోదాము చూసొస్తాను." కూర్మయ్య సిరా కలం తీసి అప్పన్న మెడ మీద రెండు గీతలు గీశాడు. "నరసమ్మా, ఇక్కడే కూర్చో. ఆ అదురు కింది గీత మీద ఉంది. పై గీత తాకిందంటే గట్టిగా కేకెయ్యి. నేను లేకుండా ఎవరినీ ఏమీ చెయ్యనివ్వకు. నేను వచ్చాకే సూది."

"ముద్దాయిని కాపలా పెడతావా?" అని కేకేశాడు ఇన్‌స్పెక్టర్.

"ఈ గదిలో అతను బతకాలని మొక్కుకుంటున్న మనిషి ఆవిడ ఒక్కతే. ఇంకెవరినైనా చూపించండి, వాళ్ళని పెడతాను."

*

గోదాము ఆసుపత్రికి నూరు గజాలు. కుళ్ళిన కొబ్బరి వాసన. గోడ పొడుగునా గోనె బస్తాల దొంతరలు. లోడింగు ఆగిపోయి కూలీలు గుంపులుగా నిలబడ్డారు. బస్తాలు కుట్టే మేస్త్రీ తాతబాబు ముందుకొచ్చాడు.

"పొద్దున్నుంచి అప్పన్న ఏమేం చేశాడో చెప్పు," అన్నాడు కూర్మయ్య. "వరస తప్పకుండా."

"ఏడు సంగుకి బోణీ బస్తా ఎత్తినాడు బాబూ. తరవాత కాటా కాడే ఉన్నాడు. మనిషి నీరసంగా ఉన్నాడని బరువు ఎత్తనివ్వనేదు మేం."

"బోణీ బస్తా అంటే?"

"రోజూ మొదట ఎత్తే బస్తా. పదకొండేళ్ళ నుంచీ అప్పన్నే ఎత్తుతాడు, ఆడి సెయ్యి మంచిది. ముందురోజు సాయంత్రమే కుట్టి గుమ్మం కాడ పెడతాం. పొద్దున్న ఆడు ఎత్తి, పసుపు బొట్టెట్టి కాటా పక్కన నిలబెడతాడు. అది ఆఖర్న పడవెక్కాలి."

"ఎలా ఎత్తుతాడు? భుజం మీదికా?"

"మిగతా బస్తాలు భుజానికే. బోణీది మాత్రం బిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకొని ఎత్తాలి. పెద్దోళ్ళ నుంచి వచ్చిన ఆనవాయితీ."

"ఈ సంగతి తోటలో ఎవరెవరికి తెలుసు?"

"కోళ్ళకి కూడా తెలుసు బాబూ."

"ఇవాళ ఎత్తినప్పుడు ఏమైనా జరిగిందా?"

తాతబాబు బుర్ర గోక్కున్నాడు. "ఏటీ నేదు బాబూ. 'అబ్బా' అన్నాడు. బస్తాలో దబ్బనం మరిసిపోనావేటిరా సచ్చినోడా అని నన్ను తిట్టినాడు. అందరం నవ్వినాం. మాకిది రోజూ ఉండేదే. దబ్బనం గుచ్చుకోని రోజుంటాదేటి? నా కాళ్ళు సూడండి."

అతని పిక్కల నిండా పాత దబ్బనపు పోట్లు.

కూర్మయ్య గిరుక్కున కాటా వైపు తిరిగాడు. పసుపు బొట్టు పెట్టిన బస్తా ఒంటరిగా నిలబడి ఉంది. ఇంకా పడవెక్కలేదు.

"దబ్బనం పొడుగెంత?"

"అయిదంగుళాలు."

నారాయణస్వామి అప్పటికే తాతబాబు మెడ పట్టుకున్నాడు. "నీ బస్తా, నీ దబ్బనం! డేయ్, బేడీలు తే!"

"పొద్దుటి నుంచి ఇది మీకు రెండో ముద్దాయి," అన్నాడు కూర్మయ్య మోకాళ్ళ మీద కూర్చుంటూ. "కాస్త ఆగండి, మూడోవాడు దొరుకుతాడేమో."

అరచేత్తో బస్తాని పైనుంచి కిందికి తడిమాడు. మనిషి గుండె ఎత్తుకి వచ్చే చోట చెయ్యి ఆగింది. గోనె పోగుల మధ్య నుంచి ఉక్కు మొన ఒకటి తొంగి చూస్తోంది. మొన చుట్టూ రూపాయి బిళ్ళంత నల్లటి మరక. బస్తా పక్క కుట్టు దారం కోసి చెయ్యి లోపలికి పెట్టాడు. కొబ్బరి చిప్పల మధ్య నుంచి ఒక చెక్క దిమ్మ బయటికి వచ్చింది. దిమ్మలో మేకులా దిగగొట్టిన దబ్బనం. మొన అయిదంగుళాల్లో రెండు అంగుళాలు దిమ్మ బయటే నిలిచి ఉంది.

కూలీల గుంపులో ఎవరో "అమ్మో" అన్నారు.

"మరిచిపోయిన దబ్బనం బస్తాలో అడ్డంగానో వాలుగానో పడి ఉంటుంది. చర్మం గీరుతుంది. దీన్ని దిమ్మకి బిగించి, మొన బయటికి పెట్టి కుట్టారు. మనిషి తన బలంతో తనే గుండెకి హత్తుకున్నాడు. పొడిచినవాడు ఆ టైముకి పక్క జిల్లాలో ఉన్నా పరవాలేదు. గుచ్చుకుంటే ఎవరూ పట్టించుకోరని కూడా వాడికి తెలుసు."

"కుట్టేది నేనే గానీ, అది నేను పెట్టనేదు బాబూ!" తాతబాబు ఇన్‌స్పెక్టరు పట్టు విడిపించుకున్నాడు. "నిన్న ఆరింటికి గుమ్మం కాడ పెట్టి ఇంటికెళ్ళిపోనాను. గోదాముకి తలుపే నేదు. ఎవుడైనా రావొచ్చు."

"నీ ముడి ఎలా వేస్తావో చూపించు."

తాతబాబు పక్క బస్తా చూపించాడు. దారం ఒక్క మెలి తిప్పి, కొస లోపలికి దోపాడు. దాని పక్క బస్తా అంతే. దొంతరలో బస్తాలన్నీ అంతే.

కూర్మయ్య బోణీ బస్తా మూతి దగ్గరికి మొహం పెట్టాడు. అక్కడా అదే ముడి. తర్వాత తను కోసిన పక్క కుట్టు కొస చేతిలోకి తీసుకున్నాడు. ఆ ముడి అతను విప్పలేదు, దాని పక్కన దారం కోశాడంతే. దారం ముందు రెండు మెలికలు తిరిగింది. దాని మీద, ఎదురు వైపుకి, ఇంకొక మెలిక. లాగితే బిగుస్తుంది గానీ జారదు.

అతను ఆ ముడి ఉన్న దారం ముక్క తెంపుకుని లేచాడు.

"ఏమయ్యా?" అన్నాడు నారాయణస్వామి.

"ఈ ముడి నేను పన్నెండేళ్ళు వేశాను."

"బస్తాల మీదా?"

"మనుషుల మీద. ఆపరేషను బల్ల దగ్గర గాయం కుట్టేవాడు వేసే ముడి ఇది. ఇన్‌స్పెక్టరు గారూ, పరుగెత్తండి! హంతకుడి చేతికి నేనే సూది ఇచ్చి వచ్చాను!"

*

పదకొండూ ఎనిమిది.

ఆసుపత్రి గది గుమ్మంలోకి వచ్చేసరికి లోపల కేకలు.

"పక్కకి తప్పుకో. మొగుడు బతకాలా వద్దా?"

"ఆ బాబు వచ్చేదాకా సూది ఎట్టనివ్వను! ముట్టుకున్నావంటే సెయ్యి కొరికేత్తాను!"

నరసమ్మ మొగుడి మీద వాలిపోయి, రెండు చేతులూ అడ్డం పెట్టి ఉంది. లారెన్స్ చేతిలో పొడుగాటి సూది బిగించిన సిరంజి. సూది ఎముక కొస కింద కాదు, తేలు పచ్చబొట్టు మీదుగా సూటిగా గుండె వైపు చూస్తోంది.

నారాయణస్వామి రివాల్వరు తీశాడు. "వెనక్కి!"

లారెన్స్ సిరంజి దించాడు. కూర్మయ్య చేతిలోని దారం ముక్కని చూశాడు. అర్థమైంది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మలేరియా అని రాసింది మీరేనా?" అన్నాడు కూర్మయ్య.

"తోట దొర రాయమన్నాడు, రాశాను. శవాలు నల్లగా బొగ్గులా ఉన్నాయి. ఈ అప్పన్నే మోసుకొచ్చాడు. రెండింటికి వాడు నోరు తెరిస్తే దొర ఇంగ్లండు పోతాడు, నేను జైలుకి పోతాను." లారెన్స్ గొంతులో ఇంకా ఆ మర్యాదే ఉంది. "ఇప్పుడు నాకు బేడీలు వెయ్యండి. కానీ ఈ తోటలో ఆ సూది పెట్టగలిగిన చెయ్యి నాదొక్కటే. నన్ను కదిలిస్తే వీడు పన్నెండు కొట్టడం వినడు."

కూర్మయ్య మంచం దగ్గరికి వెళ్ళాడు. నరం అదురు పై గీతకి వెంట్రుకవాసి దూరంలో ఉంది. స్కేలు నిలబెట్టాడు. మూడూ ముప్పావు.

"నిజమే," అన్నాడు. "మీ చెయ్యే కావాలి. పెట్టండి."

"పిచ్చా నీకు!" అన్నాడు నారాయణస్వామి. "వాడు నిన్న దబ్బనం పెట్టినవాడు!"

"డ్రెస్సరు గారూ, వినండి. ఇతను బతికితే మీది హత్యాప్రయత్నం, జైలు. చస్తే హత్య, ఉరి. ఇప్పుడు మీ ప్రాణం ఇతని ప్రాణానికి కట్టేసి ఉంది. ఎముక కొస కింద, ఎడమ భుజం వైపు, వాలుగా. మీ వేళ్ళ వంక నేను చూడను. ఇతని మెడ వంక చూస్తాను. నరం దిగిందా, మీరు నిజంగా లాగుతున్నట్టు. ఒక్క గీత పైకి ఎగిసిందా..." కూర్మయ్య తల తిప్పకుండానే అన్నాడు, "ఇన్‌స్పెక్టరు గారూ, నేను 'ఊ' అంటే కాల్చండి."

"సంతోషంగా," అన్నాడు నారాయణస్వామి. రివాల్వరు మొన లారెన్స్ చెవి వెనక ఆనింది.

నరసమ్మ మంచం దిగి, మొగుడి పాదాలు పట్టుకుని కూలబడింది.

సూది దిగింది. లారెన్స్ నుదుటి మీద చెమట చుక్కలు లేచాయి. పిస్టను వెనక్కి లాగాడు. ఏమీ రాలేదు. ఇంకో పావంగుళం. మళ్ళీ లాగాడు.

కూర్మయ్య కళ్ళు మెడ మీంచి కదల్లేదు. నరం అదురు పై గీతని తాకింది.

"బాబూ, తాకినాది!" అని అరిచింది నరసమ్మ.

ఇన్‌స్పెక్టర్ రివాల్వరు గుర్రం వెనక్కి లాగిన చప్పుడు.

"ఆగండి!" అన్నాడు కూర్మయ్య. "ఇంకొక్క ఊపిరి..."

సిరంజిలోకి నల్లటి నెత్తురు ఒక్కసారిగా ఎగజిమ్మింది.

అదురు పై గీత వదిలింది. కిందికి జారింది. మూడున్నర. మూడు. లారెన్స్ సిరంజి ఖాళీ చేసి మళ్ళీ లాగాడు. రెండున్నర. రెండు ఔన్సులు తీసేసరికి ఒకటిన్నర దగ్గర నిలబడింది. కూర్మయ్య నాడి పట్టుకున్నాడు. ఊపిరి పీల్చినా, వదిలినా నాడి కొట్టుకుంటూనే ఉంది.

"చాలు. సూది తీసెయ్యండి."

నారాయణస్వామి రివాల్వరు ఒరలో పెట్టాడు. లారెన్స్ చేతులు వెనక్కి విరిచి బేడీలు బిగించాడు. నరసమ్మ మొగుడి కాళ్ళ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పన్న కళ్ళు తెరిచాడు. పెదాలు కదిలాయి.

"టైమెంతయినాది?"

"పదకొండూ ఇరవై నాలుగు," అన్నాడు కూర్మయ్య. "నువ్వు సాక్ష్యం చెబుతావు. కదలకుండా పడుకో."

"నేనొక్కణ్ణే కాదు బాబూ." ఒక్కో మాటకీ ఆగాడు. "శవాలు ఇద్దరం మోసినాం. వీరాసామి నేనూ. ఆడికి బయం. అందుకే సంఘానికి రాసిన కాయితంలో ఆడి పేరు రాయనేదు. మొన్న ఆణ్ణి ఏటి అవతల డివిజనుకి మార్చేసినారు."

కూర్మయ్య తలెత్తి లారెన్స్ వంక చూశాడు. లారెన్స్ ఎవరి వంకా చూడటం లేదు. గోడ గడియారం వంక చూస్తున్నాడు.

నరసమ్మ ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది.

"వీరాసామికి జొరం," అంది నెమ్మదిగా. "పొద్దున్న ఎనిమిదింటికి ఈ డ్రెస్సరు నన్ను పిలిసినాడు. వీరాసామికి కొయినా మందు, అవతలి డివిజను పడవకి అందించు, పన్నెండు సంగుకి బువ్వకి ముందు తాగాలని చెప్పు అన్నాడు. సీసా నేనే పడవోడికి ఇచ్చినాను. మరిసిపోకుండా తాగమని నా మాటగా చెప్పమని రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చినాను. బాబూ! నా సేత్తోనే!"

"సీసాలో ఏముంది?" కూర్మయ్య లారెన్స్ కోటు పట్టుకుని ఊపాడు. "చెప్పు! ఏముంది?"

లారెన్స్ మళ్ళీ గడియారం వంకే తిరిగాడు.

"అవతల ఒడ్డుకి టెలిఫోను ఉందా?"

"నేదు బాబూ," అంది నరసమ్మ. "పడవకి ముప్పావు గంట."

"నా లాంచీకి అరగంట," అన్నాడు నారాయణస్వామి. కానిస్టేబులుకి లారెన్స్‌ని అప్పజెప్పి అప్పటికే మెట్లు దిగుతున్నాడు. సగం దారిలో వెనక్కి తిరిగాడు. "చూస్తూ నిలబడ్డారేం కూర్మయ్యగారూ? రండి! ఏయ్ అమ్మా, నువ్వూ రా! నువ్వు తాగమన్నావు గనక తాగొద్దని చెబితే వాడు నీ మాటే వింటాడు."

నరసమ్మ మొగుడి వంక ఒక్కసారి చూసింది. అప్పన్న "ఎల్లు" అన్నట్టు కనురెప్పలు ఆర్పాడు. ఆమె చీర కొంగు నడుముకి బిగించి, ఇద్దరి మగాళ్ళనీ దాటుకుని రేవు వైపు పరుగు తీసింది.

లాంచీ తాడు విప్పేసరికి పదకొండూ ముప్పై మూడు. పన్నెండు సంగుకి ఇంకా ఇరవై ఏడు నిమిషాలే.